హైదరాబాద్ కాన్ఫరెన్సా, విశాఖ వర్క్‌షాపా? సరిహద్దు ఫొటోగ్రాఫర్‌కి ఏది మేలు?

ఆంధ్ర సరిహద్దున ఒడిశాలోని పర్లాకిమిడిలోనో రాయగడలోనో పెళ్లిళ్లు తీసే ఫొటోగ్రాఫర్‌కి ఆషాఢం వచ్చిందంటే చేతినిండా ఖాళీయే. సీజన్‌లో మిగిలింది ఓ పదిహేను వేలు ఉందనుకుందాం. దాంతో హైదరాబాద్‌లో మూడు రోజుల కాన్ఫరెన్స్‌కి వెళ్లాలా, విశాఖలో ఒక రోజు వర్క్‌షాప్‌లో చేరాలా, భువనేశ్వర్ పోవాలా, లేక ఎక్కడికీ కదలకుండా సామాను కొనుక్కోవాలా?

ముందే ఒక మాట. పెళ్లికి ఒక్క కెమెరా బాడీతో వెళ్తున్నవాళ్లు పైవాటిలో ఏ ప్రయాణమూ పెట్టుకోవద్దు. తలంబ్రాల వేళ షటర్ మొరాయిస్తే ఏ క్లాసులో నేర్చుకున్నదీ అక్కరకు రాదు. పాతదైనా సరే, అదే లెన్సులు పట్టే రెండో బాడీ ముందు కొనాలి. అది ఉన్నవాళ్లకే మిగతా లెక్కంతా.

ఇక ఖర్చు. బరంపురం వాళ్లకి ఫలక్‌నుమా, కోణార్క్ రైళ్లు నేరుగా సికింద్రాబాద్ తీసుకెళ్తాయి. పర్లాకిమిడి వాళ్లు పలాస వచ్చి ఎక్కుతారు. థర్డ్ ఏసీకి రానూపోనూ మూడు వేలు, గది ఇద్దరు పంచుకుంటే రెండు రాత్రులకు రెండు వేలు, తిండికీ ఆటోలకీ ఇంకో రెండు వేలు వేసుకోండి. స్టాళ్లు తిరగడానికి చాలాచోట్ల పేరు రాయిస్తే చాలు, క్లాసులకు మాత్రం ఫీజు వేరు. అన్నీ కలిపి పది, పన్నెండు వేలు, దారితో కలిపి ఐదు రోజులు. విశాఖ వర్క్‌షాప్ ఫీజు ఇంచుమించు అంతే ఉన్నా రెండో రోజుకి ఇంట్లో ఉంటారు.

అంత దూరం వెళ్లి పెద్ద హాల్లో వెనక వరసలో కూర్చుని తెరమీద బొమ్మలు చూసి రావడం శుద్ధ దండగ. ఆ వక్తల్లో చాలామంది అదే పాఠాన్ని యూట్యూబ్‌లో పెడతారు. పైగా స్పాన్సర్ లైట్లతో చూపించిన సెటప్ గుణుపురం కల్యాణమండపంలో పెట్టడానికి చోటే ఉండదు. కాన్ఫరెన్స్ విలువంతా వేదిక కింద ఉంది: ఆల్బమ్‌లు ప్రింట్ చేసే ల్యాబ్‌లు, పోర్ట్‌ఫోలియో (మీరు తీసినవాటిలో ఎంచిన ఫొటోలు) చూసి చెప్పే పెద్దలు, పక్క కుర్చీలో మనిషి.

ల్యాబ్‌ల సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. స్టాల్‌లో ఉన్న శాంపిల్ ఆల్బమ్ వాళ్లు ఏరి కోరి వేసుకున్నది, దాన్ని చూసి ఆర్డర్ ఇవ్వకూడదు. మీ సొంత ఆల్బమ్ షీట్ ఒకటి పెన్‌డ్రైవ్‌లో తీసుకెళ్లండి. పన్నెండు బై ముప్పై ఆరు అంగుళాల సైజు, 300 డీపీఐ (అంగుళానికి 300 చుక్కలు), అంటే 10800 బై 3600 పిక్సెళ్లు, రంగుల పద్ధతి ఎస్‌ఆర్‌జీబీ, ఫైలు జేపెగ్. అందులో మూడు ఫొటోలు తప్పక ఉండాలి: పసుపు రాసిన పెళ్లికూతురి ముఖం, ఎర్ర పట్టుచీర దగ్గరగా, చీకట్లో తీసిన ఊరేగింపు. అదే ఫైలు మూడు ల్యాబ్‌లకిచ్చి ప్రింట్ కొరియర్‌లో పంపమనండి, డబ్బులు కట్టయినా సరే. వచ్చాక పగటి వెలుతురులో కిటికీ దగ్గర పక్కపక్కన పెట్టి చూడండి. ఒక ల్యాబ్ పసుపుని ఆకుపచ్చ వైపు లాగుతుంది, ఇంకో ల్యాబ్ ఊరేగింపు నలుపుని బురదలా చేస్తుంది. చీర మూడింటిలోనూ మడతల్లేకుండా ఎర్రటి ముద్దలా వస్తే తప్పు ల్యాబ్‌ది కాదు, మీ కెమెరాలోనే ఎరుపు ఛానల్ నిండిపోయింది. హిస్టోగ్రామ్‌లో (వెలుగు ఎంత పడిందో చూపే గ్రాఫ్) ఎరుపు గీత విడిగా చూసుకుని ఎక్స్‌పోజర్ ఒక స్టాప్‌లో మూడింట రెండు వంతులు తగ్గించాలి. ముఖం ఏదీ మధ్య మడతకి అంగుళం లోపల పడకుండా చూసుకోవడం కూడా ఈ షీట్‌తోనే అలవాటవుతుంది.

పోర్ట్‌ఫోలియో చూపించేటప్పుడు ఫోన్ తీయకండి. ఎనిమిది బై పన్నెండు ప్రింట్లు ఇరవై చాలు. అన్నీ ఒకే పెళ్లివైతే మరీ మంచిది, ఎందుకంటే ఒక్కో పెళ్లిలోంచి ఒక్కో మంచి ఫొటో ఏరుకురావడం ఎవరికైనా చేతనవుతుంది. ‘ఎలా ఉన్నాయి సార్’ అంటే ‘బాగున్నాయమ్మా’ అని పంపించేస్తారు. ‘ఈ ఇరవైలో ఐదు తీసెయ్యమంటే ఏవి తీస్తారు?’ అని అడగండి.

పక్క కుర్చీ మనిషితో పరిచయం మన వైపు వాళ్లకి మరింత లాభం. పూరీలోనో గోపాల్‌పూర్‌లోనో పెళ్లి ఒప్పుకున్న హైదరాబాద్ టీముకి రెండో కెమెరామన్ కావాలి. జీలకర్ర బెల్లం ఎప్పుడు పెడతారో, ఒడియా పెళ్లిలో హాతగంఠి (వధూవరుల చేతులు కలిపి కట్టే ముడి) ఎప్పుడు కడతారో రెండూ తెలిసి, పురోహితుడితో ఒడియాలో, ఇంటివాళ్లతో తెలుగులో మాట్లాడగలవాడు అక్కడ దొరకడు. విజిటింగ్ కార్డు మీద ఆ రెండు భాషల సంగతి రాయించుకోండి.

ఇప్పుడు వర్క్‌షాప్. చెయ్యి తిరగాలంటే ఇదే. కాన్ఫరెన్స్‌లో ఎవరూ తీర్చని తలనొప్పి ఒకటుంది: మండపంలో ఎల్‌ఈడీ లైట్లు. ముహూర్తం వేళ ఇద్దరూ తమలపాకులో జీలకర్ర బెల్లం ఒకరి తల మీద ఒకరు పెట్టే ఆ కొద్ది సెకన్లు తీసిన ఫొటోల మీద అడ్డంగా నల్ల చారలు పడతాయి. మన కరెంటు 50 హెర్ట్జ్, దీపం సెకనుకి వంద సార్లు మిణుకుతుంది. సైలెంట్ షటర్ (చప్పుడు లేని ఎలక్ట్రానిక్ షటర్) సెన్సర్‌ని వరసలు వరసలుగా చదువుతుంది కాబట్టి ఆ మిణుకు చారలై దిగుతుంది. మెకానికల్ షటర్‌కి మారి, షటర్ వేగం 1/100 సెకను పెట్టి, యాంటీ ఫ్లికర్ (మిణుకుని తప్పించే కెమెరా సెట్టింగ్) ఆన్ చేస్తే మామూలు దీపాల కింద పోతుంది. వెనకాల ఎల్‌ఈడీ గోడ ఉంటే దాని మిణుకు వేగం వేరు, షటర్ కొద్దికొద్దిగా మారుస్తూ ముహూర్తానికి ముందే పరీక్షించుకోవాలి. వీడియో అతను సెకనుకి 25 ఫ్రేములు, షటర్ 1/50లో ఉన్నాడో లేదో కూడా చూడాలి, 30 ఫ్రేములు, 1/60లో ఉంటే అతని ఫుటేజీలో అలలు కదులుతాయి.

పసుపు సీరియల్ దీపాలైతే ఫ్లాష్‌కి ఆరెంజ్ జెల్ (రంగు పల్చని షీటు) కట్టి వైట్ బ్యాలెన్స్ (కెమెరాలో రంగు సరిచేసే సెట్టింగ్) 3200 కెల్విన్ దగ్గర పెట్టాలి, లేకపోతే ముఖం తెల్లగా, వెనకంతా కాషాయంగా వస్తుంది. ఊదారంగు పార్ లైట్లకి (స్టేజి మీద వాడే రంగు దీపాలు) ఏ జెల్ పనిచెయ్యదు. లైటింగ్ అతన్ని ముందే మంచి చేసుకుని ఐదు నిమిషాలు ఆపించుకోవడమే మందు. ఇలాంటివి పక్కన గురువు నిలబడి ఉండగా మీ కెమెరాతో మీరే చేస్తేనే పట్టుబడతాయి.

అయితే వర్క్‌షాప్‌లన్నీ ఒకటి కాదు. డబ్బు కట్టేముందు ఎంతమందిని తీసుకుంటున్నారు, ఎన్ని లైట్ సెట్లున్నాయి, ఒక్కొక్కరికీ ట్రిగ్గర్ (లైట్లు వెలిగించే రిమోట్) ఎంతసేపిస్తారు అని అడగండి. పదిహేను మందికి ఒకే సెట్ అంటే మీకొచ్చేది పావుగంట. ఇంకో చిక్కు, అందరూ ఒకే మోడల్‌ని ఒకే భంగిమలో తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో పెడతారు. అదే పెళ్లికూతురు పదిహేను స్టూడియోల పేజీల్లో కనిపిస్తే పెళ్లివారికి అనుమానం రాదా? ఆ ఫొటోలు నేర్చుకోవడానికే ఉంచి, పేజీలో మీ పెళ్లివే పెట్టండి.

భువనేశ్వర్ బరంపురం వాళ్లకి దాదాపు 170 కిలోమీటర్లే, విశాఖకన్నా దగ్గర. పాఠం ఒడియా, హిందీల్లో నడుస్తుంది, మనకి ఇబ్బంది లేదు. రాయగడ, జయపురం వాళ్లకి మాత్రం విశాఖే అనువు.

ఇద్దరు ముగ్గురు అసిస్టెంట్లతో సీజన్‌కి పాతిక, ముప్పై పెళ్లిళ్లు తీసే స్టూడియోకి కాన్ఫరెన్సే ముందు. ఆల్బమ్‌కి ఐదు వందలు మిగిల్చే ల్యాబ్ ఒక్కటి దొరికినా ప్రయాణం ఖర్చు ఆ సీజన్‌లోనే వచ్చేస్తుంది. ఒంటరిగా తీసేవాళ్లు రెండు వర్క్‌షాప్‌లు చేసి, చూపించుకోదగ్గ ఇరవై ప్రింట్లు చేతికొచ్చాక హైదరాబాద్ టికెట్ తీసుకుంటే చాలు.

అక్కడ ఆఫర్లో లెన్సు కొంటే కంపెనీ ఇండియా వారంటీ కార్డు, దాని మీద సీరియల్ నంబరు సరిచూసుకోండి. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు ఇంకోటి చూడాలి. ఒడిశా జీఎస్టీ నంబరు 21తో మొదలవుతుంది. ఆ నంబరు వేసి ఐజీఎస్టీ (రాష్ట్రాల మధ్య అమ్మకాల పన్ను) కింద బిల్లు ఇస్తేనే కట్టిన 18 శాతం క్రెడిట్, అంటే మీరు కట్టాల్సిన పన్నులో తగ్గింపు, దొరుకుతుంది. తెలంగాణ ఎస్‌జీఎస్టీ (రాష్ట్ర పన్ను), సీజీఎస్టీ (కేంద్ర పన్ను) అని రెండు ముక్కలుగా వేస్తే ఒడిశాలో అది రాదు. హోటల్ బిల్లు ఎలాగూ అలాగే వస్తుంది, దాని మీద ఆశ పెట్టుకోవద్దు. లెన్సు బిల్లు మాత్రం కౌంటర్ దగ్గరే చదివి, తప్పుంటే అక్కడే మార్పించుకోండి.