కర్నూలులో మట్టి పరీక్ష: బోరు దగ్గర శ్రద్ధ, నివేదికలో తొందర

నేను జియోటెక్నికల్ ఇంజనీరింగ్ (నేల, పునాదుల శాస్త్రం) బోధిస్తాను. నా వద్ద భూకంప సమయంలో నేల తీరుపై పీహెచ్‌డీ చేస్తున్న అమ్మాయి కోసం, కర్నూలు శివార్లలో తుంగభద్ర ఒడ్డున మూడు చోట్ల పదిహేనేసి మీటర్ల బోర్లు వేయించవలసి వచ్చి, ఆ పనిని నగరంలోని ఒక ప్రైవేటు మట్టి పరీక్షల సంస్థకు అప్పగించాము. 1964లో జపాన్‌లోని నీగాటాలో ఇసుక నేల నీరులా మారి అపార్ట్‌మెంట్లు పక్కకు ఒరిగిపోయాయి. అలాంటి ప్రమాదాన్ని ముందే అంచనా వేయడానికి సీడ్, ఇడ్రిస్ అనే ఇంజనీర్లు 1971లో చూపిన పద్ధతిని మేము నేటికీ పాఠంగా చెబుతాము. ఆ లెక్క ఎక్కువగా బోరు అడుగున గొట్టాన్ని నేలలోకి దించడానికి ఎన్ని సుత్తి దెబ్బలు పడ్డాయన్న దాని మీదే నిలుస్తుంది. ఆ దెబ్బలు లెక్కపెట్టేవారు సరిగ్గా లేకపోతే మా పరిశోధనకు విలువే ఉండదు.

బోరు దగ్గర వీరి పని నాకు నిజంగా సంతోషం కలిగించింది. 63.5 కిలోల సుత్తిని 75 సెంటీమీటర్ల ఎత్తు నుంచి వదిలి, గొట్టం 45 సెంటీమీటర్లు దిగేదాకా కొట్టి, మొదటి 15 సెంటీమీటర్ల దెబ్బలను వదిలేసి మిగతావాటినే లెక్కలోకి తీసుకోవాలి; ఆ సంఖ్యనే ఎన్ విలువ అంటారు. సూపర్‌వైజరు రాడ్డు మీద సుద్దముక్కతో మూడు గీతలు గీసి, ప్రతి దెబ్బనూ పైకి లెక్కపెట్టాడు. ఒకచోట కూలీ తాడును పూర్తిగా వదలకపోవడంతో సుత్తి బరువు సరిగ్గా పడలేదని గమనించి, ఆ విలువను కొట్టేసి, మరికొంత కిందికి తవ్వించి మళ్లీ పరీక్ష చేయించాడు. అడుగున ఇసుక ఉబికి రాకుండా బోరులో నీటిని భూగర్భ జలమట్టం కన్నా పైనే నిలిపాడు. ఇంత ఓర్పు నేను అరుదుగా చూశాను.

నివేదిక మాత్రం నిరాశపరిచింది. ప్రతి లోతుకూ ఒకే అంకె వేశారు తప్ప 15 సెంటీమీటర్ల చొప్పున మూడు విడతల్లో పడిన దెబ్బలను విడిగా చూపలేదు. నీటిమట్టం కొలిచిన తేదీ కూడా లేదు. అంతకన్నా పెద్ద లోపం, కర్నూలు భూకంప ముప్పు తక్కువగా ఉండే రెండో జోన్‌లో ఉంది కాబట్టి ఇసుక ద్రవంలా మారే ప్రశ్నే లేదని రాసిన వాక్యం. భూకంపాలను తట్టుకునే నిర్మాణాలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1893 (2016 నాటిది) ప్రకారం, నీటిలో మునిగిన వదులు ఇసుకలో, లోతు వంటివాటిని బట్టి సవరించిన ఎన్ విలువ 10 కన్నా తక్కువగా ఉంటే రెండో జోన్‌లోనూ ఆ అవకాశాన్ని పరిగణించాలి. మా రెండో బోరులో నీరు మూడు మీటర్ల లోతునే తగిలింది; నాలుగున్నర మీటర్ల వద్ద పడిన దెబ్బలు ఆరే, సవరించినా పదికి చేరవు. నల్లరేగడి మెరకల కోసం తయారుచేసిన పాత నివేదికలోని వాక్యాన్నే ఇక్కడా దించారని నా అనుమానం.

అయితే అడిగిన నాలుగు రోజుల్లోనే, అదనంగా ఒక్క రూపాయి తీసుకోకుండా, నివేదికను సరిదిద్ది ఫీల్డు పుస్తకం నకలు కూడా ఇచ్చారు. ఇల్లు కట్టుకునేవారు వీరిని నిశ్చింతగా పిలవవచ్చు. పరిశోధకులు మాత్రం మూడు విడతల దెబ్బలు, ఇరవైనాలుగు గంటల తర్వాతి నీటిమట్టం, సుత్తి రకం నివేదికలో ఉండాలని ముందే రాతపూర్వకంగా కోరాలి. వర్షాకాలం తర్వాత నీరు పైకి వచ్చినప్పుడు నాలుగో బోరు వేయించబోతున్నాము. ఆ సూపర్‌వైజరునే పంపమని ఇప్పటికే అడిగాను.