క్లిక్ త్రీ నుంచి ఎక్స్-టీ20 దాకా: రామప్ప మదనిక ముందు నా కెమెరాలు

కొత్త కెమెరా ఏది చేతికొచ్చినా నేను పెట్టే పరీక్ష ఒకటే. పొద్దున్నే హన్మకొండలో బయలుదేరి, ములుగు దాటి పాలంపేట వెళ్లి, రామప్ప గుడి చూరు కింద ఎత్తు మడమల చెప్పులు తొడుక్కున్న మదనిక శిల్పాన్ని ఫొటో తీయడం. గుడిదేమో ఎర్ర ఇసుకరాయి, మదనికదేమో నున్నగా మెరిసే నల్లరాయి. కింద నిలబడి చూస్తే ఆమె వెనక తెల్లటి ఆకాశం. కెమెరాను తికమక పెట్టడానికి ఇంతకంటే మంచి చోటు నాకు తెలియదు. 1213లో గుడి కట్టించిన రేచర్ల రుద్రుడు ఇదంతా ఆలోచించి ఉండడనుకోండి.

నేను కాజీపేటలో రైల్వే ఉద్యోగం చేసి రిటైరయ్యాను. ఫొటోలు తీసి ఒక్క రూపాయి సంపాదించలేదు. పెట్టిన ఖర్చు మాత్రం మా ఇంట్లో ఇప్పటికీ ఎవరో ఒకరు లెక్కేస్తూనే ఉంటారు. అయిదు కెమెరాలు వాడాను, ఒక్కోటీ ఏళ్ల తరబడి. కాబట్టి డబ్బా విప్పిన మొదటి వారం మాటలు కావివి.

మొదటిది మా బాపుది, అంటే నాన్నది, ఆగ్ఫా క్లిక్ త్రీ. 120 సైజు రీలు, చదరపు ఫొటోలు పన్నెండు. వెనక చిన్న ఎర్ర కిటికీలో అంకె చూసుకుంటూ రీలు తిప్పాలి. అంతకుమించి అందులో తిప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఊటీలో తయారయ్యే ఇందు బ్లాక్ అండ్ వైట్ రీలు వేసేవాళ్లం. పద్మాక్షి గుట్ట దగ్గర సద్దుల బతుకమ్మ ఫొటోలు కడిగించి తెస్తే అమ్మ అన్న మాట ఇంకా గుర్తుంది: "ఇందుల తంగేడేదిరా, గునుగేది?" నిజమే, రెండూ ఒకేలా తెల్లగా ఉన్నాయి. మదనిక విషయానికొస్తే, ఆకాశం మీద సిరా ఒలికినట్టు వచ్చింది. పరీక్షలో సున్నా. అయినా ఎండలో నిలబెట్టి తీసిన మనుషుల ఫొటోలు ఈ రోజుకీ ముచ్చటగా ఉంటాయి.

నేను అసలు ఫొటో తీయడం నేర్చుకున్నది మాత్రం యాషికా ఎఫ్ఎక్స్-3 సూపర్ 2000తో. 1989లో మూడు నెలల జీతం పెట్టి, 50 ఎంఎం లెన్స్‌తో కలిపి కొన్నాను. పేరులోని 2000 అంటే సెకనులో రెండు వేలో వంతు దాకా పోయే షట్టర్. బాడీ అరకిలో కూడా తూగదు. షట్టరంతా స్ప్రింగుల మీద నడుస్తుంది, లోపలి రెండు బటన్ సెల్లులూ వెలుగు కొలిచే మీటర్ కోసమే. అవి అయిపోయినా ఫొటో ఆగదు. వ్యూఫైండర్‌లో మూడే దీపాలు. వెలుగు ఎక్కువైతే ఎర్ర ప్లస్, తక్కువైతే ఎర్ర మైనస్, సరిపోతే పచ్చ చుక్క.

ఆ పచ్చ చుక్కను నమ్మి మొదటిసారి మదనికను తీస్తే మళ్లీ సిరా మరకే. ఎందుకో తెలియడానికి నాకు నాలుగు రీళ్లు ఖర్చయ్యాయి. మీటర్ దేన్ని చూసినా అది మధ్యరకం బూడిదరంగే అనుకుంటుంది. ఫ్రేములో ఆకాశం ఉంటే వెలుగు ఎక్కువైందని తగ్గించమంటుంది, నల్లరాయి మరింత నల్లబడుతుంది. సరే అని ఫ్రేము నిండా నల్లరాయినే పెడితే, వెలుగు చాలలేదని పెంచమంటుంది. అప్పుడు మదనిక బూడిద పూసుకున్నట్టు తేలిపోతుంది. చివరికి నేను చేసిందేమిటంటే, అదే నీడలో ఉన్న ఇసుకరాయి గోడ మీద మీటర్ చూసుకుని, ఆ సెట్టింగ్ మార్చకుండా మదనిక వైపు తిప్పి నొక్కడం. మీటర్ ఎర్రగా మొత్తుకుంటూనే ఉంది. ప్రింట్ వచ్చాక చూస్తే నల్లరాయి నల్లగానే ఉంది, నగల చెక్కడం కూడా కనిపిస్తోంది. ఆకాశం తెల్లగా పోయింది, పోనీ.

ఫిల్మ్ రోజులే బాగుండేవని నేను మాత్రం అనను. 1993లో మా చెల్లి పెళ్లికి 36 ఫొటోల రీలు ఎక్కించి, జీలకర్ర బెల్లం నుంచి తలంబ్రాల దాకా టకటకా తీశాను. 36 దాటింది, 38 దాటింది, రీలు ఇంకా తిరుగుతూనే ఉంది. అప్పుడు గుండె జారింది. రీలు కొస లోపలి పళ్లకు పట్టనే లేదు, ఒక్క ఫొటో పడలేదు. ఫొటోలు తీస్తున్నది నేనే కాబట్టి స్టూడియో అతని ఆల్బమ్‌లోనూ నేను లేను. "అన్నా, నా పెళ్లికి నువ్వచ్చినట్టు రుజువేది?" అని చెల్లి ఇప్పటికీ ఏడిపిస్తుంది. ఇలాంటి కెమెరా వాడేవాళ్లు ఒకటి గుర్తుపెట్టుకోండి: లీవర్ తిప్పినప్పుడు ఎడమవైపు రీవైండ్ నాబ్ కూడా తిరగాలి. తిరగలేదంటే లోపల ఏమీ జరగడం లేదు. అలాగే ఫ్లాష్ పెట్టినప్పుడు షట్టర్ వేగం 125 (సెకనులో 125వ వంతు) దాటకూడదు. దాటితే ఫొటోలో కొంత భాగం నల్లటి పట్టీలా వస్తుంది. ఇదీ పెళ్లిళ్లలోనే తెలిసింది, వేరేవాళ్ల పెళ్లిలో.

మేడారంలో మాత్రం యాషికాకు తిరుగులేదు. గద్దెల దగ్గర లేచే దుమ్ము, బంగారం (జాతరలో బెల్లాన్ని అలాగే అంటారు) పట్టుకున్న చేతుల జిగట, తోపులాట. కెమెరా అంతా బెల్లం అంటుకునేది. దుమ్ములోనే లెన్స్ మార్చేవాణ్ని, ఏమీ అయ్యేది కాదు. ఫిల్మ్‌లో ఒక ఫొటో మీద దుమ్ము పడితే దానితోనే ముందుకు పోతుంది, తర్వాతి ఫొటోకి కొత్త ఫిల్మ్ వస్తుంది. ఇరవై ఏళ్లకు వెనక తలుపు అంచుల్లోని నురగ తారులా కరిగింది. పాత కెమెరాలన్నిటికీ వచ్చే జబ్బే ఇది. వరంగల్‌లో కెమెరాలు బాగుచేసే ఒకాయన అదంతా గీకేసి నల్ల వెల్వెట్ గుడ్డ అతికించాడు. "దీంట్ల పోనీకి ఏముంది సార్, అంత ఇనుప పండ్లే" అన్నాడు.

2005లో నికాన్ డి70 కొన్నాను. 6.1 మెగాపిక్సెళ్లు, 1.8 అంగుళాల తెర. ఇప్పుడు నవ్వొస్తుంది గానీ, తీసిన ఫొటో అక్కడే కనబడటం చూసి ఇంటిల్లిపాదీ గుమిగూడారు. దీంతో నాకు పట్టిన కష్టమల్లా పాత అలవాటును వదులుకోవడమే. నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుగును బాగానే తట్టుకుంటుంది, అందుకని నీడల్ని చూసుకుని తీసేవాళ్లం. డిజిటల్‌లో తెల్లగా కాలిపోయిన చోటు ఇక తిరిగి రాదు. వెలుగును కాపాడుకుని, నీడల్ని తర్వాత కంప్యూటర్లో లేపుకోవాలి. ఇది తలకెక్కేసరికి రెండేళ్లు పట్టింది. ఈలోగా మేడారం వెళ్లి, జంపన్న వాగు ఒడ్డున ఒక్కసారి లెన్స్ మార్చాను. ఆ తర్వాత తీసిన ప్రతి ఫొటోలో ఆకాశం మీద అవే మచ్చలు, అవే చోట్లలో. ఫిల్మ్ బదులు ఉండే సెన్సర్ మీద పడిన దుమ్ము తనంతట పోదు. ముఖ్యంగా ఎపర్చర్‌ను, అంటే లెన్స్‌లో వెలుగు దూరే రంధ్రాన్ని, ఎఫ్11, ఎఫ్16 దాకా చిన్నది చేస్తే దాక్కోకుండా కనబడుతుంది.

తర్వాతది డి90, 2009లో. వీడియో తీయగల మొదటి డీఎస్ఎల్ఆర్ (లోపల అద్దం ఉండే డిజిటల్ కెమెరా) ఇదే, నేను మాత్రం వీడియో పట్టుమని పది తీయలేదు. బాడీలోనే ఫోకస్ మోటారు ఉంది కాబట్టి సొంత మోటారు లేని పాతకాలపు 50 ఎంఎం డి లెన్స్ తక్కువ ధరకు తెచ్చుకుని హాయిగా వాడాను. ఎనుమాముల మార్కెట్లో మిర్చి సీజన్ ఫొటోలు, ఆ ఎరుపు, ఆ ఘాటుకు నా తుమ్ములు, అన్నీ దీంతోనే. దీని మీద ఫిర్యాదు చేయడానికి నాకేమీ దొరకదు, మెడనొప్పి తప్ప. ఇప్పుడు మా మేనల్లుడి దగ్గర బాగానే పనిచేస్తోంది. తక్కువ ఖర్చులో నేర్చుకోవాలని ఎవరడిగినా ఇలాంటి సెకండ్‌హ్యాండ్ డీఎస్ఎల్ఆర్, ఒక 50 ఎంఎం లెన్స్ చాలంటాను.

ఇప్పుడు నా భుజానికుండేది ఫ్యూజీఫిల్మ్ ఎక్స్-టీ20, 2018 నుంచి. షట్టర్‌కు పైన చక్రం, ఎపర్చర్‌కు లెన్స్ మీద రింగు, అంటే నా వేళ్లకు యాషికానే. వ్యూఫైండర్‌లో ఫొటో ఎలా రాబోతోందో నొక్కకముందే కనబడుతుంది. మదనిక దగ్గర నాలుగు రీళ్లు పోసి నేర్చుకున్నది ఇందులో ఒక చక్రం రెండు గీతలు తిప్పితే అయిపోయింది. కాస్త ఉక్రోషం వచ్చిన మాట నిజం. కంపెనీ లెక్క ప్రకారమే బ్యాటరీ 350 ఫొటోలకు మించదు. జాతరకైతే జేబులో ఇంకో రెండు ఉండాలి. దుమ్ము, వాన తట్టుకునే సీలింగ్ లేదు కాబట్టి మేడారంలో లెన్స్ మార్చడం పూర్తిగా మానేశాను.

ఎడాప్టర్ పెట్టి యాషికా పాత లెన్స్‌ను దీనికి తగిలించి చూశాను. లోపల సాలెగూడులా ఫంగస్. తప్పు నాదే. వానాకాలాలన్నీ తోలు కేసులోనే ఉంచాను, తోలు తేమను పట్టి ఉంచుతుంది. ఇప్పుడు లెన్సులన్నీ గాలి చొరని ప్లాస్టిక్ డబ్బాలో, సిలికా జెల్ పొట్లాలతో ఉంటాయి. మా ఆవిడ ఆవకాయ కోసం తెచ్చుకున్న డబ్బా అది.

ఒక సంగతి మాత్రం ఏ కంపెనీ ప్రకటనలోనూ ఉండదు. వేయిస్తంభాల గుడి కళ్యాణ మండపాన్ని బాగుచేయడానికి 2006లో విప్పారు, మళ్లీ తెరిచింది 2024లో. విప్పకముందు ఎలా ఉండేదో చూపించమని మా మనవరాలు అడిగితే వెతికాను. డి70తో తీసినవి సీడీల్లో పెట్టాను, సగానికి సగం తెరుచుకోవడం లేదు. 1991లో యాషికాతో తీసిన నెగటివ్‌లు బిస్కెట్ డబ్బాలో ఎలా పెట్టినవి అలాగే ఉన్నాయి. వాటిని ఎక్స్-టీ20తోనే కాపీ తీసి చూపించాను. అప్పటి నుంచి ఫొటోలను రెండు హార్డ్‌డిస్కుల్లో పెడుతున్నాను, ఒకటి మా చెల్లి ఇంట్లో ఉంటుంది. ఏటా ఒక వంద ప్రింట్లు కూడా వేయిస్తున్నాను.

అంత మంచిదైతే యాషికా ఎందుకు వాడవని అడుగుతారు. రీలు ఖరీదైంది, కడిగించడానికి కొరియర్‌లో వేరే ఊరికి పంపాలి. ఇప్పుడు కూడా అందులో ఒక రీలుంది. 22 దగ్గర ఆగి ఏడాదిన్నర అయింది.