టెన్షన్‌లో ఉన్నప్పుడు బరువు తగ్గాలంటే ఏది మేలు: కడుపు మాడ్చుకోవడమా, జిమ్మా, ధ్యానమా, నిద్రా?

తిండి తగ్గించినా బరువు కదలకపోతే చాలామంది చేసేది ఒకటే, ఆ తినే కాస్తలో ఇంకొంచెం కోత పెట్టడం. టెన్షన్‌లో ఉన్న మనిషికి ఈ నాలుగింట్లో అన్నిటికన్నా అధ్వాన్నమైన దారి ఇదేనంటాను.

ఆకలి కూడా ఒంటికి ఒత్తిడే. 2010లో వెలువడిన ఒక అధ్యయనంలో 121 మంది మహిళలను మూడు వారాల పాటు గమనించారు. రోజుకు 1200 కేలరీలకు కట్టడి చేసుకున్నవాళ్లలో కార్టిసాల్ అనే ఒత్తిడి హార్మోన్ పెరిగింది. తిన్నదంతా లెక్క రాసుకున్నవాళ్లకు టెన్షన్ ఎక్కువైనట్టు అనిపించింది. ఈ కార్టిసాల్ మూత్రపిండాల మీదుండే అడ్రినల్ గ్రంథుల నుంచి వస్తుంది. తెల్లవారేసరికి పెరిగి అర్ధరాత్రికి తగ్గడం దాని తీరు. రోజుల తరబడి ఎక్కువగానే ఉంటే తీపి మీదికి, నూనె సరుకు మీదికి మనసు పోతుంది, కొవ్వు పొట్ట లోపల చేరుతుంది. ఒంట్లో నీరు నిలిచి, కొవ్వు కరిగినా తూకంలో తేడా కనిపించకపోవచ్చు కూడా. అలాగని కేలరీల లెక్క అబద్ధం కాదు. ఖర్చయ్యేదానికన్నా తక్కువ తింటేనే ఎవరైనా తగ్గేది. ఆ లెక్క మీద నిలబడనివ్వకపోవడమే ఒత్తిడి చేసే పని.

జిమ్ మంచిదే, కానీ అందరికీ అన్ని రోజులూ కాదు. గట్టి కసరత్తు చేసినప్పుడు కార్టిసాల్ కాసేపు పెరుగుతుంది. హాయిగా నిద్రపోయేవాళ్లకు దానితో ఇబ్బందేమీ లేదు. రాత్రి నిద్ర చాలక, పగలంతా పని ఒత్తిడిలో నలిగి, సాయంత్రం ఒళ్లు హూనం చేసుకుంటే మాత్రం ఆకలి, అలసట రెండూ కలిసి మీద పడతాయి. అలాంటి రోజుల్లో చురుగ్గా నడవడం నయం. పెద్దవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాల ఓ మోస్తరు శ్రమ కావాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది నడకతోనే పూర్తవుతుంది.

ధ్యానం దగ్గర ఆశలు కాస్త తగ్గించుకోవాలి. 2011లో వచ్చిన ఒక అధ్యయనంలో 47 మంది మహిళల్లో సగం మందికి నాలుగు నెలలు ధ్యానం, ఎరుకతో తినడం నేర్పారు. ఆందోళన తగ్గింది గానీ, మొత్తం మీద బరువులో గానీ పొట్ట కొవ్వులో గానీ రెండు గుంపులకూ తేడా రాలేదు. దాని ఉపయోగం వేరే చోట ఉంది. రాత్రి పదకొండింటికి ఆఫీసు మెయిల్ చదివి, ఆకలి లేకపోయినా బిస్కెట్ ప్యాకెట్ విప్పబోయే చేతిని ఒక్క నిమిషం ఆపుతుంది. నెమ్మదిగా పది ఊపిర్లు తీసుకున్నా ఆ పని అయిపోతుంది. కార్టిసాల్ తగ్గిస్తామంటూ అమ్మే మాత్రల జోలికి మాత్రం పోవద్దు.

నా ఓటు నిద్రకే. 2010లో షికాగో విశ్వవిద్యాలయం వాళ్లు బరువెక్కువున్న పదిమందికి ఒకే రకం తక్కువ కేలరీల తిండి పెట్టి, రెండు వారాలు ఎనిమిదిన్నర గంటలు, మరో రెండు వారాలు ఐదున్నర గంటలు పడుకోనిచ్చారు. రెండుసార్లూ తగ్గిన బరువు దాదాపు ఒకటే, మూడు కిలోల దాకా. కాకపోతే నిద్ర చాలినప్పుడు అందులో కొవ్వు 1.4 కిలోలు, చాలనప్పుడు 0.6 కిలోలే. మిగతాదంతా పోయింది కొవ్వు కాని బరువు, అంటే కండ, నీరు లాంటివి. తూకం చూసుకుని సంబరపడేవాళ్లకు ఈ తేడా తెలియనే తెలియదు. 2022లో మరో అధ్యయనంలో ఆరున్నర గంటలకన్నా తక్కువ పడుకునేవాళ్ల నిద్రను గంటకు పైగా పెంచితే, ఎవరూ డైట్ చెప్పకుండానే వాళ్లు రోజుకు సుమారు 270 కేలరీలు తక్కువ తిన్నారు.

కాబట్టి ముందు నిద్ర, తర్వాత నడక, ఆ తర్వాతే తిండిలో కోత, అదీ కొద్దికొద్దిగా. మధ్యాహ్నం దాటాక కాఫీ మానడం, రోజూ ఒకే వేళకు లేవడం, పడక దగ్గర ఫోన్ లేకుండా చూసుకోవడం నుంచి మొదలుపెట్టొచ్చు. చంటిబిడ్డ ఉన్నవాళ్లకు, నైట్ షిఫ్టుల వాళ్లకు ఈ వరస కుదరదు, వాళ్లకు నడకే ముందు. పడుకునే వీలున్నా వారానికి మూడు రాత్రులైనా నిద్ర పట్టక, అలా మూడు నెలలు గడిస్తే మాత్రం డాక్టర్‌కు చూపించుకోవాలి. దానికి ముందుగా సూచించేది నిద్రమాత్ర కాదు, నిద్ర అలవాట్లనూ దాని చుట్టూ పేరుకున్న భయాన్నీ సరిచేసే సీబీటీ-ఐ అనే చికిత్స.