పోస్ట్‌మార్క్ వాళ్ల ఉచిత డీమార్క్ రిపోర్టు: మూడు నెలలు వాడాక

మాది గుంటూరులో మిర్చి ఎగుమతి. వ్యాపారం బాబాయిది, ఆఫీసులో కంప్యూటర్, మెయిల్ లాంటివన్నీ నా నెత్తిన. ఈ ఏడాది సంక్రాంతి వెళ్లాక మలేషియా బయ్యర్ ఒకాయన ఒక ప్రొఫార్మా ఇన్వాయిస్ ఫొటో వాట్సాప్‌లో పెట్టి, బ్యాంకు ఖాతా మార్చారా అని అడిగారు. చూస్తే మెయిల్ అచ్చంగా మా ఐడీ నుంచే వచ్చినట్టుంది. లోగో మాదే, ఎగుమతిదారులకి ఇచ్చే ఐఈసీ నంబరు మాదే, "పాత ఖాతా ఆడిట్‌లో ఉంది, అడ్వాన్సు కొత్త ఖాతాకి వేయండి" అన్న ముక్క ఒక్కటే మాది కాదు. ఆయన ఎప్పుడూ తేజ రకం మిర్చి తప్ప కొనరు, ఇందులో 334 రకం అని ఉండేసరికి అనుమానం వచ్చి ఆగారు. లేకపోతే డబ్బు పోయేదే.

"మన మెయిల్ హ్యాక్ అయిందారా?" అన్నారు బాబాయి. కాలేదు. పాస్‌వర్డు ఎన్నిసార్లు మార్చినా లాభం లేదు, అసలు అది మా అకౌంట్ నుంచి వెళ్తే కదా! టిక్కీ (మిర్చి బస్తా) మీద మన మార్కా ఎవడైనా వేసుకుని అమ్ముకోవచ్చు, అడిగేవాడు లేకపోతే; మెయిల్లో ఫ్రమ్ అడ్రసు కూడా అంతే బాబాయ్ అంటే వెంటనే అర్థమైపోయింది ఆయనకి.

డొమైన్ సెట్టింగులు తెరిస్తే ఇంకో కథ. వెబ్‌సైట్ చేసిన అబ్బాయి ఎస్‌పీఎఫ్ రికార్డులు (మా పేరుతో ఏ సర్వర్లు మెయిల్ పంపొచ్చో చెప్పేవి) రెండు పెట్టాడు. ఒక డొమైన్‌కి అది ఒక్కటే ఉండాలి, రెండు కనిపిస్తే అవతలి సర్వర్ ఎర్రర్ అనుకుని దేన్నీ లెక్కలోకి తీసుకోదు. డీమార్క్, అంటే మా పేరుతో వచ్చిన మెయిల్ పరీక్షలో ఫెయిలైతే ఏం చేయాలో అవతలి సర్వర్‌కి చెప్పే రికార్డు, ఉంది గానీ పాలసీ "నన్". అంటే గేటు దగ్గర వాచ్‌మన్‌ని కూర్చోబెట్టి, ఎవరొచ్చినా ఆపకు, పుస్తకంలో రాసుకో అని చెప్పినట్టు. ఆ పుస్తకం ఎవరికి పంపాలో కూడా రాయలేదు మహానుభావుడు. 2024 ఫిబ్రవరిలో జీమెయిల్, యాహూ వాళ్లు ఎక్కువ మెయిల్స్ పంపేవాళ్లకి డీమార్క్ తప్పనిసరి చేసినప్పుడు, జీమెయిల్ లెక్క రోజుకి 5000 కదా, మనకెందుకులే అని నేనూ పట్టించుకోలేదు.

ఆ పుస్తకం, అంటే డీమార్క్ రిపోర్టులు, ముందు నా ఐడీకే వచ్చేలా పెట్టుకున్నా. రోజూ ఒక్కో కంపెనీ నుంచి ఒక్కో జిప్ ఫైలు, లోపల ఎక్స్ఎంఎల్, చదివితే తలనొప్పి. అప్పుడు దొరికింది మెయిల్స్ పంపిపెట్టే కంపెనీ పోస్ట్‌మార్క్ వాళ్ల ఈ సర్వీసు. మన ఐడీ, డొమైన్ ఇస్తే ఒక అడ్రసు ఇస్తారు, దాన్ని డీమార్క్ రికార్డులో పెడితే చాలు, వారానికోసారి అంతా కలిపి ఒక్క మెయిల్‌గా వస్తుంది. మన మెయిల్స్ వాళ్ల దగ్గర నుంచే పంపాలన్న షరతు లేదు. ఈ రిపోర్టుల్లో మెయిల్ లోపలి మేటర్ ఉండదు, ఏ ఐపీ (పంపిన సర్వర్ నంబరు) నుంచి ఎన్ని వెళ్లాయి, పాసా ఫెయిలా, అంతే. కాబట్టి బయటివాళ్లకి ఇస్తున్నామని టెన్షన్ అక్కర్లేదు.

నాకు ఇది నచ్చింది ఒక్క సంగతికి. నెలాఖరు వారం రిపోర్టులో తెలియని ఐపీ ఒకటి, మా పేరుతో 60 మెయిల్స్, అన్నీ ఫెయిల్. దొంగ దొరికాడని ఎగిరి గంతేశా. తీరా చూస్తే అది మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్! బాకీ రిమైండర్లు మా ఐడీతో వాళ్ల సర్వర్ నుంచి పంపుతోంది. ఎస్‌పీఎఫ్ పాస్ అవుతోంది గానీ వాళ్ల డొమైన్ మీద. ఫ్రమ్‌లో ఉన్నది మాది. రెండూ కలవకపోతే డీమార్క్ ఒప్పుకోదు. ఆవేశంగా మొదటి రోజే పాలసీ "రిజెక్ట్", అంటే ఫెయిలైనవి అసలు తీసుకోవద్దని, పెట్టేసి ఉంటే మా బాకీ మెయిల్స్‌ని మేమే ఆపుకునేవాళ్లం. ఆ సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో ఇచ్చిన డీకిమ్ (మెయిల్ మీద వేసే డిజిటల్ సంతకం) రికార్డులు మా డొమైన్‌లో కలిపాక అవి పాస్ అయ్యాయి. ఆ తర్వాత కొన్ని వారాలు "క్వారంటైన్", అంటే స్పామ్‌లోకి తోయడం, ఆ పైన "రిజెక్ట్". మెయిల్స్ అసలు పంపని మా రెండో డొమైన్‌కి మాత్రం ఆలోచించకుండా మొదటి రోజే రిజెక్ట్ పెట్టేశా.

వారానికోసారే వస్తుంది కాబట్టి రికార్డు మార్చిన సాయంత్రమే ఫలితం చూడాలనుకునేవాళ్లకి ఇది చాలదు, డబ్బు కట్టే వెర్షన్ వేరే ఉంది. ఇక మా డొమైన్‌లో ఎమ్ బదులు, చూడ్డానికి అలాగే ఉండే ఆర్, ఎన్ పక్కపక్కన పెట్టి కొత్త డొమైన్ కొనుక్కుని పంపేవాణ్ణి డీమార్క్ ఏమీ చేయలేదు, అది ఏ సర్వీసు వాడినా అంతే. నాలుగు స్టార్లు ఇస్తా.

మొన్నటి రిపోర్టులో ఎక్కడివో మూడు ఐపీల నుంచి మా పేరుతో వెళ్లినవి ఫెయిల్ అని ఉన్నాయి. ఏ బయ్యర్‌కి వెళ్లాయో ఇందులో తెలియదు. బాబాయి డైరీ ముందేసుకుని ఒక్కొక్కరికీ ఫోన్లు చేస్తున్నారు.