ప్రిల్లా, సార్టానా? షుగరున్నవాళ్ల కిడ్నీకి ఏది మేలు?

షుగరూ బీపీ రెండూ ఉండి యూరిన్‌లో ప్రొటీన్ పోతోందంటే డాక్టర్లు మామూలుగా రెండు రకాల మాత్రల్లో ఒకటి రాస్తారు. రామిప్రిల్, ఎనలాప్రిల్ లాంటివి ఒక రకం, టెల్మిసార్టాన్, లోసార్టాన్ లాంటివి ఇంకో రకం. "మా బావగారికి అది రాశారు, నాకు ఇదేంటి" అనే మాట హైదరాబాద్‌లో ఏ మెడికల్ షాపు ముందు నిలబడినా వినిపిస్తుంది.

నిజానికి రెండూ వెంటపడేది ఒకే హార్మోన్ని, యాంజియోటెన్సిన్-2ని. కిడ్నీలో రక్తం వడకట్టే ప్రతి చిన్న ఉండలోకీ ఒక సన్న నాళం వస్తుంది, ఇంకోటి బయటికి పోతుంది. ఒంట్లో నీళ్లు తగ్గినా, బీపీ పడిపోయినా ఈ హార్మోన్ పుట్టుకొచ్చి, బయటికి పోయే నాళాన్నే ఎక్కువగా బిగిస్తుంది. నీళ్ల పైపు చివర బొటనవేలు అడ్డం పెట్టినట్టన్నమాట, లోపల ప్రెషర్ నిలబడి వడపోత ఆగదు. రోజుకి దాదాపు 180 లీటర్లు వడకట్టే అవయవానికి ఇది మంచి ఏర్పాటే, కాకపోతే షుగరున్నవాళ్లలో ఆ ప్రెషర్ ఏళ్ల తరబడి దిగకుండా ఉండిపోయి, వడపోత పొర దెబ్బతిని ప్రొటీన్ కారడం మొదలవుతుంది.

ప్రిల్ ఆ హార్మోన్ తయారుచేసే ఎంజైమ్‌నే ఆపుతుంది. సార్టాన్ హార్మోన్ని తయారుకానిచ్చి, అది అతుక్కునే చోటు మూసేస్తుంది. తేడా ఇక్కడే. ఆ ఎంజైమ్‌కి బ్రాడీకైనిన్ అనే పదార్థాన్ని విరగ్గొట్టే పని కూడా ఉంది, ప్రిల్ వాడితే అది పేరుకుని కొందరికి వదలని పొడిదగ్గు పట్టుకుంటుంది. మన ట్రాఫిక్‌లో దాన్ని దుమ్ము మీదికి నెట్టి సిరప్‌లు తాగడం చాలా తేలిక! అరుదుగా పెదాలూ నాలుకా వాస్తాయి, అది ఎమర్జెన్సీ.

అందుకే నా ఓటు సార్టాన్‌కి. కిడ్నీని ఎక్కువ కాపాడుతుందని కాదు, ఆ లెక్కన రెండూ దాదాపు ఒకటే. ప్రిల్ పడినవాళ్లు, దగ్గు లేనివాళ్లు మార్చుకోవాల్సిన పనేం లేదు. రెండూ కలిపి వేసుకుంటే ఇంకా మంచిది కదా అంటారా, 2008లో వచ్చిన ఆన్‌టార్గెట్ ట్రయల్‌లో 25 వేలమందికి పైగా మీద చూశారు, లాభం పెరగలేదు సరికదా కిడ్నీ ఇబ్బందులు ఎక్కువయ్యాయి. గర్భిణులకైతే రెండూ పనికిరావు.

మాత్ర మొదలుపెట్టాక రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపే వ్యర్థం) కాస్త పెరుగుతుంది, లోపల ప్రెషర్ దిగింది కాబట్టి. 30 శాతం లోపైతే మామూలుగా మాత్ర ఆపరు, రిపోర్టు చూసి టెన్షన్‌తో మానేయొద్దు. పొటాషియం కూడా చూపించుకోవాలి.

అసలు భయపడాల్సింది మే నెల ఎండల్లో. వాంతులో విరేచనాలో అయి ఒంట్లో నీళ్లు పోయాయి, దానికి తోడు నడుంనొప్పికి డైక్లోఫినాక్ వేసుకున్నారు, అది లోపలికి వచ్చే నాళం తెరుచుకోకుండా చేస్తుంది, బయటి నాళాన్ని బిగించే హార్మోన్‌కి మాత్ర ఎలాగూ అడ్డుపడింది. వడపోత ఒక్కసారిగా కూలబడుతుంది. అలాంటి రోజున పెయిన్‌కిల్లర్ జోలికి పోకుండా, బీపీ మాత్ర తాత్కాలికంగా ఆపాలా అని డాక్టర్‌కి ఫోన్ చేసి కనుక్కోండి.