అహోబిలం, గండికోట, బెలుం: సిగ్నల్ ఉన్నచోటా లేనిచోటా

కర్నూలు నుంచి నంద్యాల, ఆళ్లగడ్డ మీదుగా అహోబిలం, అక్కడి నుంచి గండికోట, తిరుగు దారిలో బెలుం గుహలు, యాగంటి. పెద్దవాళ్లను వెంటబెట్టుకుని కారులో తిరిగి రావడానికి చాలా మంచి దారి ఇది. ఈ క్షేత్రాల గురించి, గండికోట లోయ గురించి చాలామంది రాశారు. నేను రాయాలనుకున్నది ఫోన్ గురించి. అమ్మకు బీపీ. నాన్న మోకాళ్ల నొప్పులతో కర్నూలు ఇంట్లోనే ఉండిపోయారు. తమ్ముడు (చిన్నాన్న కొడుకు), నేను, అమ్మ, పిన్ని బయల్దేరాం. అలాంటప్పుడు ఒక ఊళ్లో దిగగానే గది ఎలా ఉంది, భోజనం ఎక్కడ అన్నవాటి కంటే ముందు చూసుకోవాల్సింది ఇంటికి ఫోన్ కలుస్తుందా లేదా అని.

ఆళ్లగడ్డ దాకా ఏ ఇబ్బందీ లేదు. జాతీయ రహదారి వెంట టవర్లు దగ్గర దగ్గరగా ఉంటాయి. కారు ముందుకు పోతున్నకొద్దీ ఒక టవర్ మన కాల్‌ను తర్వాతి టవర్‌కు అందిస్తుంది. అందుకునే టవర్ దూరంగా ఉన్నా, దాని మీద అప్పటికే రద్దీ ఉన్నా కాల్ తెగిపోతుంది. రహదారి వదిలి నల్లమల వైపు తిరిగాక జరిగేది అదే. మాట మధ్యలో నాన్న గొంతు ముక్కలు ముక్కలుగా వచ్చి ఆగిపోయేది. దిగువ అహోబిలం చేరాక మళ్లీ బాగానే మాట్లాడాం. అక్కడ సత్రాలు, గదులు, భోజనం, అన్నీ అందుబాటులో ఉన్నాయి. పెద్దవాళ్లతో వచ్చేవాళ్లు బస అక్కడే పెట్టుకోవడం మేలు.

ఎగువ అహోబిలం వేరే సంగతి. గుడి కొండల మధ్య, భవనాశిని నది పక్కన ఉంటుంది. చుట్టూ నిట్టనిలువు రాతిగోడలు. రేడియో తరంగాలకు కొండ అడ్డమైతే ఇవతలి లోయలోకి దిగడం కష్టం. నా ఫోన్‌లో ఒక గీత వచ్చేది, పోయేది. తమ్ముడి ఫోన్‌లో ఏమీ లేదు. అమ్మ దగ్గరున్న పాత కీప్యాడ్ ఫోన్‌కే అందరికంటే బాగా అందింది. 2జీ సేవలకు వాడే 900 మెగాహెర్ట్జ్ లాంటి తక్కువ ఫ్రీక్వెన్సీ తరంగాలు, ఎక్కువ ఫ్రీక్వెన్సీ వాటికంటే దూరం పోతాయి. ఇంట్లో మూలన పడేసిన అలాంటి ఫోన్ ఉంటే, అందులో పనిచేసే సిమ్ ఉంటే, ఈ దారికి తప్పకుండా తీసుకెళ్లండి.

అమ్మను, పిన్నిని గుడి దగ్గర కూర్చోబెట్టి మేమిద్దరం గైడును తీసుకుని జ్వాలా నరసింహస్వామి గుడికి ఎక్కాం. రాళ్లు, వాగు, మెట్లు దాటుకుంటూ పోయే దారి. భోజనం వేళకు దిగొస్తామని చెప్పి వెళ్లాం. పైన జనం ఎక్కువగా ఉండి ఆలస్యమైంది. ఆ దారిలో ఫోన్లు పనిచేయలేదు. గైడు కుర్రాడు మాత్రం ఒక మలుపులో ఆగి, "అన్నా, ఆ బండ మీద నిలబడితే ఒక్కోసారి దొరుకుతాది" అన్నాడు. నిలబడ్డాను. నిజంగానే రింగ్ అయింది. అమ్మ ఎత్తింది. "అమ్మా, ఇక్కడ కొంచెం..." అనేలోపు కట్ అయింది. ఎన్నిసార్లు ప్రయత్నించినా మళ్లీ కలవలేదు.

ఆ సగం మాటతో అమ్మ పడిన టెన్షన్ కిందికి దిగాక తెలిసింది. "కొంచెం" తర్వాత ఏముందో ఆమెకు తెలియదు. జారిపడ్డారేమో అనుకుందట. మాత్ర వేసుకోవడం కూడా మరిచిపోయింది. పక్కన పూజసామాన్ల అంగడి పెట్టుకున్నామె నీళ్లిచ్చి, "జ్వాలకు పొయ్యినోళ్లకు ఇంతసేపు పడతాదమ్మా. పైన ఫోన్లు పనిచెయ్యవు. వచ్చేస్తార్లే, కూచో" అని ధైర్యం చెప్పి, మేము వచ్చేదాకా అమ్మను కనిపెట్టుకుని ఉంది. ఈ యాత్ర మొత్తంలో మాకు అందిన గొప్ప సేవ అదే. ఇలాంటి చోట సగంలో తెగే కాల్ కంటే చిన్న ఎస్సెమ్మెస్ మేలు. అది పోవడానికి కాసేపు సిగ్నల్ అందితే చాలు, వచ్చిన మాట ముక్కలైపోదు.

గండికోటకు వచ్చేసరికి సమస్య ఇంకో రకం. జమ్మలమడుగు నుంచి పదిహేను కిలోమీటర్లు. మేము లోయకు దగ్గర్లో టెంట్లలో బస చేశాం. "సిగ్నల్ ఫుల్‌గా ఉంటుంది సార్" అని బుక్ చేసుకునేటప్పుడు చెప్పారు. గీతలు ఫుల్‌గానే కనిపించాయి. కాల్ మాత్రం కలవదు, కలిసినా నిలవదు. అది వారాంతం. పెన్నా లోయ అంచున సూర్యోదయం చూడాలని వచ్చిన జనం ఎక్కడ చూసినా ఉన్నారు, అందరూ ఫొటోలు, వీడియోలు పంపిస్తున్నారు. గీతలు చెప్పేది టవర్ నుంచి సిగ్నల్ ఎంత గట్టిగా అందుతోందో మాత్రమే. ఆ టవర్ మీద ఎంత రద్దీ ఉందో వాటిని చూస్తే తెలియదు. అర్ధరాత్రి దాటాక నాన్నకు మెసేజ్ పోయింది. టీ కొట్టు దగ్గర యూపీఐ కూడా తిరిగి తిరిగి ఆగిపోయింది. చేతిలో నోట్లు లేకుండా ఈ దారిలో ఎక్కడికీ పోకూడదు.

టెంటు శుభ్రంగా ఉంది, రాగి సంగటి, నాటుకోడి పులుసు బాగున్నాయి. అయినా అమ్మలాంటి వాళ్లకు ఆ బసను నేను సిఫారసు చేయను. రాత్రి వాళ్లకు ఏదైనా అయితే, ఫోన్ కలవని చోట నుంచి కారులో జమ్మలమడుగుకు పరుగెత్తాల్సిందే. జమ్మలమడుగులో గది తీసుకుని తెల్లవారుజామున కోటకు రావడం నయం. మాధవరాయస్వామి గుడి, జామియా మసీదు, ధాన్యాగారం, అన్నీ ఒక్క పూటలో తీరిగ్గా చూడొచ్చు.

నన్ను ఆలోచనలో పడేసింది మాత్రం బెలుం. 1884లో బ్రిటిష్ భూగర్భ శాస్త్రవేత్త రాబర్ట్ బ్రూస్ ఫుట్ ఈ గుహల గురించి రాశాడు. తర్వాత 1982, 83 ప్రాంతంలో జర్మన్ గుహా పరిశోధకుడు డేనియల్ గెబాయర్ బృందం లోపల కొలతలు తీసింది. మొత్తం పొడవు 3,229 మీటర్లు. అందులో కిలోమీటరున్నర దాకా సందర్శకులకు తెరిచారు. నేల కింద కాబట్టి ఫోన్‌లో సిగ్నల్ ఆశించే పనే లేదు. అయినా అమ్మకు అక్కడ ఏ భయమూ కలగలేదు. దీపాలున్నాయి, నడవడానికి దారి ఉంది, గాలి ఆడే ఏర్పాటుంది, మధ్య మధ్యలో మనుషులున్నారు. ఫోన్ పనిచేయదని ముందే తెలిసి చేసిన ఏర్పాటు అది. జ్వాలా నరసింహస్వామి దారిలో అలాంటిదేమీ మాకు కనిపించలేదు. "ఇక్కడి నుంచి ఫోన్ పనిచేయదు" అని ఒక బోర్డు, పైన ఒకరికి, కింద ఒకరికి వాకీటాకీ ఉన్నా చాలు. అడవిలో కొత్త టవర్ కట్టాలంటే అనుమతులు కావాలి, సమయం పడుతుంది. బోర్డుకు, వాకీటాకీకి అంత సమయం అక్కర్లేదు కదా.

లెక్కల్లో కూడా యాత్రికుడికి చోటు లేదు. కలిసిన కాల్ మధ్యలో తెగితేనే అది కాల్ డ్రాప్. అసలు సిగ్నలే లేక కలవని కాల్ ఆ లెక్కలోకి రాదు. తెగిన కాల్‌కు ఒక రూపాయి చొప్పున, రోజుకు మూడింటి దాకా పరిహారం ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2015లో నిబంధన తెస్తే, 2016 మేలో సుప్రీంకోర్టు దాన్ని కొట్టేసింది. 2022 జులైలో కేంద్రం ఆమోదించిన 4జీ పథకం ఆ సేవ అందని 24,680 గ్రామాలను లెక్కపెట్టింది. అది అవసరమైన పనే. కానీ ఊరికీ ఊరికీ మధ్యనున్న ఘాట్ దారిలో, కొండ మెట్ల మీద నడిచే జనాన్ని ఏ గ్రామం కింద లెక్కపెడతారు? బ్రహ్మోత్సవాలప్పుడు అహోబిలం కొండల్లో ఎంతమంది ఉంటారో వచ్చి చూస్తే తెలుస్తుంది.

ఒక కంపెనీ సిగ్నల్ అందనప్పుడు ఇంకో కంపెనీ టవర్ మీద మాట్లాడుకునే ఏర్పాటు కొంతవరకు మొదలైంది. మారుమూల ప్రాంతాల టెలికాం సేవల కోసం కేంద్రం పెట్టిన డిజిటల్ భారత్ నిధి డబ్బుతో కట్టిన 4జీ టవర్ల దగ్గర 2025 జనవరి నుంచి దాన్ని తెచ్చారు. పుణ్యక్షేత్రాల దారుల్లో ఉన్న ప్రతి టవర్‌కూ అది వర్తించాలని నేను కోరుకుంటున్నాను. తమ్ముడి ఫోన్‌లో సిగ్నల్ లేనప్పుడు నా ఫోన్‌లో ఒక గీత ఉంది. ఆ గీత అతనికి కూడా పనికొచ్చి ఉండాల్సింది.

మన కంపెనీ సిగ్నల్ లేకపోయినా తెర మీద "ఎమర్జెన్సీ కాల్స్ ఓన్లీ" అని కనిపిస్తే, వేరే కంపెనీ టవర్ అందుతోందని అర్థం. అప్పుడు 112కు చేయొచ్చు. ఇంకొకటి, సిగ్నల్ కోసం వెతుకుతూనే ఉంటే ఫోన్ ఛార్జింగ్ తొందరగా దిగిపోతుంది. అడవిలో నడిచేంతసేపు ఫ్లైట్ మోడ్‌లో పెట్టడం మంచిది. మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకుంటే సిగ్నల్ లేకపోయినా జీపీఎస్ దారి చూపిస్తుంది.

యాగంటిలో ఏ సమస్యా రాలేదు. పుష్కరిణి మెట్ల మీద కూర్చుని అమ్మ నాన్నతో వీడియో కాల్‌లో చాలాసేపు మాట్లాడింది. నాన్న ఈసారి తనూ అహోబిలం వస్తానంటున్నారు. డోలీ మాట్లాడతాం, దిగువ అహోబిలంలో గది తీసుకుంటాం. పైకి వెళ్లేవాళ్లు సాయంత్రం నాలుగుకల్లా దిగకపోతే ఎవరిని పంపాలో గైడుతో, జీపు అతనితో ముందే మాట్లాడి పెడతాం. ఆ అంగడామెకు కూడా చెప్పి వెళ్తాం.