ఆరేళ్ళు వాడిన వెన్లాఫాక్సిన్, దాని నుంచి దిగివచ్చిన తీరు

ఒడిశాలోని పర్లాకిమిడిలో పుట్టి, ఇక్కడే ఒక టోకు బియ్యం వ్యాపారి దగ్గర పద్దులు రాసుకుంటూ బతుకుతున్న నేను, దిగులు జబ్బు కోసం 2018 ఆగస్టు నుంచి 2024 నవంబరు వరకు వెన్లాఫాక్సిన్ వాడాను. మందు మొదలుపెట్టడం సులువుగానే జరిగింది, మానడమే కష్టమైంది. కాబట్టి ఈ సమీక్షలో ఎక్కువ భాగం మానడం గురించే ఉంటుంది.

ముందుగా మందు చేసిన మేలు చెప్పడం న్యాయం. ఆ వేసవిలో తెల్లవారుజామున మూడింటికే మెలకువ వచ్చేసేది, అన్నం సహించేది కాదు, ఒకే వరుస అంకెలను నాలుగుసార్లు కూడితే నాలుగు మొత్తాలు వచ్చేవి. 37.5 మిల్లీగ్రాముల క్యాప్సూల్‌తో మొదలుపెట్టి ఆరు వారాల్లో 150కి పెంచారు. దసరా నాటికి పిల్లలకు బట్టలు కొనడానికి నేనే బజారుకు వెళ్ళాను. మొదటి పది రోజులు వికారం పెట్టి పోయింది గాని చెమటలు, మలబద్ధకం, కొంచెం పెరిగిన రక్తపోటు మాత్రం మందు వాడినంత కాలం నాతోనే ఉన్నాయి. దాంపత్య జీవితం మీద పడే ప్రభావాన్ని డాక్టర్లు అడగరు, మనం చెప్పుకోము, కానీ అదీ ఉంటుంది.

ఈ మందు ఒంట్లో ఎక్కువసేపు నిలవదు. వెన్లాఫాక్సిన్ సగానికి తగ్గడానికి సుమారు ఐదు గంటలు, శరీరం దాన్ని మార్చి తయారుచేసుకునే పదార్థం సగానికి తగ్గడానికి సుమారు పదకొండు గంటలు పడుతుంది. రోజుకొక్కటి చాలేలా మెల్లగా విడుదలయ్యే క్యాప్సూల్‌గా ఇచ్చినా, ఒక పూట తప్పితే శరీరం పసిగట్టేస్తుంది. ఒకసారి గుణుపురం–విశాఖ ప్యాసింజర్ ఎక్కాక క్యాప్సూళ్ళ డబ్బా ఇంట్లోనే మరిచిపోయానని గుర్తుకొచ్చింది. నౌపడా దాటాక కిటికీలోంచి ఉప్పు మడుల వైపు చూపు తిప్పగానే తల లోపల జివ్వుమని కరెంటు కొట్టినట్టయింది. నొప్పి లేదు, క్షణం కూడా పట్టలేదు, కానీ చూపు తిప్పిన ప్రతిసారీ మళ్ళీ కొట్టింది. మందు వదిలేటప్పుడు వచ్చే లక్షణాల్లో ఇది బాగా పేరు పడినదని, కళ్ళు పక్కకు తిప్పినప్పుడు రావడం దాని గుర్తని తర్వాత తెలిసింది. ఆ రోజు మాత్రం పక్షవాతానికి ఇది మొదలేమోనని భయపడ్డాను.

2022లో నాలుగేళ్ళు నిండవస్తుండగా, అప్పటికి చూస్తున్న డాక్టరుగారు, "బాగానే ఉన్నారు కదండీ, రెండు వారాలు 75, రెండు వారాలు 37.5 వేసుకుని మానేయండి" అన్నారు. 150 నుంచి 75కి వచ్చినప్పుడు పెద్దగా తేడా తెలియలేదు. 37.5కి వచ్చినప్పుడు నిద్ర చెదిరింది. పూర్తిగా మానేసిన రెండో రోజు మధ్యాహ్నానికి మంచం దిగితే నేల తూలుతోంది. జలుబు లేకుండానే ఒళ్ళు నొప్పులు, వాంతి వచ్చేలా వికారం, తెల్లవార్లూ పీడకలలు, వాటికి తోడు టీవీలో సబ్బు ప్రకటన చూసి ఏడ్చేంత పలచబడిన మనసు. మా అమ్మ, "దిష్టి తగిలిందిరా నాన్నా" అని ఉప్పూ ఎండుమిరపకాయలూ తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటుకు దగ్గు రాలేదు కాబట్టి దిష్టి తగిలిన మాట ఖాయమైంది. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, జబ్బు తిరగబెట్టింది, ఇక జీవితాంతం వాడాల్సిందే అన్నారు. ఇంట్లో ఆయన మాటకంటే అమ్మ మాటకే ఎక్కువ ఓట్లు పడ్డాయి.

నిజానికి అది దిష్టీ కాదు, తిరగబెట్టిన జబ్బూ కాదు. దిగులు జబ్బు తిరిగి వచ్చేటప్పుడు సాధారణంగా వారాల తరబడి మెల్లగా వస్తుంది, వచ్చినా వెనుకటి ముఖంతోనే వస్తుంది. నాకు 2018లో తూలడం లేదు, తలలో కరెంటు లేదు. ఇవి మందు మానిన రెండు రోజుల్లోపే వచ్చాయి. విశాఖలో మరో డాక్టరుగారిని కలిసి, ఆయన చెప్పినట్టు 37.5 మళ్ళీ వేసుకుంటే మర్నాటికే నేల నిలబడింది. మందు మొదటిసారి పనిచేయడానికి వారాలు పట్టింది, ఈసారి ఒక్క రోజు చాలింది. మందు లోటువల్ల వచ్చిన బాధ అని తేల్చిచెప్పే గుర్తుల్లో ఇదీ ఒకటని ఆయన అన్నారు.

ఆయన దగ్గరే అసలు విషయం తెలిసింది. మందు మోతాదుకీ మెదడు మీద దాని ప్రభావానికీ ఉన్న సంబంధం తిన్నని గీత కాదు. పప్పుచారులో మొదటి చిటికెడు ఉప్పు రుచినంతా మార్చేస్తుంది, పదో చిటికెడు వేసినా మానినా నాలుకకు పెద్ద తేడా తెలియదు. మెదడు కణాల మధ్య సందేశాలు మోసే సెరటోనిన్ అనే రసాయనాన్ని వెనక్కి లాక్కునే ద్వారాల్లో ఎక్కువ భాగాన్ని చిన్న మోతాదే మూసేస్తుంది. అందుకే 150 నుంచి 75కి దిగడం తేలిక, 37.5 నుంచి సున్నాకి దిగడం మేడ మీంచి దూకడం. అతి చిన్న మోతాదుల దాకా ఎప్పటికప్పుడు ఉన్నదాంట్లో కొంత శాతం చొప్పున తగ్గించుకుంటూ రావాలని మార్క్ హొరోవిట్జ్, డేవిడ్ టేలర్ అనే పరిశోధకులు 2019లో లాన్సెట్ సైకియాట్రీ పత్రికలో రాశారు. బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు చెప్పే నైస్ సంస్థ 2022 మార్గదర్శకాలు కూడా, వేసుకుంటున్న మోతాదులో కొంత వంతు చొప్పున అంచెలంచెలుగా తగ్గించమనే చెబుతున్నాయి.

చెప్పడం బాగానే ఉంది, 37.5 కంటే చిన్న క్యాప్సూల్ నాకు ఎక్కడా దొరకలేదు. దాన్ని నలిపి పొడి చేస్తే మందంతా ఒక్కసారిగా విడుదలవుతుంది కాబట్టి అదీ కుదరదు. నేను వాడిన రకం క్యాప్సూల్ విప్పితే లోపల గసగసాలకంటే పెద్దవి, ఆవాలకంటే చిన్నవి తెల్లటి పూసలు ఉంటాయి. డాక్టరుగారి అనుమతితో వాటిని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. ఒక్కో క్యాప్సూల్‌లో 112 అటూ ఇటూగా ఉండేవి. నాలుగు వారాలకొకసారి, అప్పటికి వేసుకుంటున్న వాటిలో పదో వంతు తీసేయాలి. 2023 జనవరిలో 112 నుంచి 101, తర్వాత 91, తర్వాత 82, అలా.

ప్రతి ఆదివారం భోజనాలయ్యాక వారానికి సరిపడా ఏడు క్యాప్సూళ్ళు విప్పేవాణ్ణి. స్టీలు పళ్ళెంలో పోసి అగరుబత్తి పుల్లతో పదేసి చొప్పున పక్కకు జరిపి, ఉంచాల్సినవి మళ్ళీ క్యాప్సూల్‌లోకి ఎత్తి మూత బిగించాలి. గాలికి పూసలు ఎగిరిపోతాయి కాబట్టి పంకా ఆపాలి. మే నెలలో మా ఊళ్ళో పంకా ఆపి అరగంట కూర్చోవడం మందు మానడంకంటే పెద్ద పరీక్ష. శ్రావణంలో తేమకు పూసలు వేళ్ళకు అంటుకునేవి. రెండోసారి లెక్క మా ఆవిడ చూసేది. తేడా వస్తే, "షాపులో పద్దులూ ఇలాగే రాస్తారా?" అని అడిగేది.

ఒక నెల ఇక్కడ సరుకు లేక, మహేంద్రతనయ నది దాటి పాతపట్నంలో కొన్నాను. దుకాణంలోని కుర్రాడు వేరే కంపెనీది ఇచ్చి, "మందు ఒకటేనండి" అన్నాడు. మందు ఒకటే, కానీ లోపల పూసలకు బదులు మూడు చిన్న మాత్రలున్నాయి. మూడింట్లో పదో వంతు తీయడం ఎలాగో నాకు తెలియలేదు. ఆ మందుకు పెట్టిన డబ్బులు తిరిగి రాలేదు. అప్పటి నుంచి రెండు నెలలకు సరిపడా మందు ముందే తెచ్చిపెట్టుకున్నాను.

2024 ఏప్రిల్‌లో తొందరపడ్డాను. 24 పూసల దగ్గర ఉండి, ఇంత దూరం వచ్చానుగదా అని ఒకేసారి 16కి దిగాను. ఐదో రోజుకు తూలు, చిరాకు, నిద్రలేమి అన్నీ వచ్చేశాయి. ఒక రాత్రి మనసు మరీ చీకటిపడితే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కి ఫోన్ చేశాను. 2022 అక్టోబరులో కేంద్రం ప్రారంభించిన ఆ సేవ ఉచితం, రాత్రింబవళ్ళు పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడవచ్చు. ఫోన్ ఎత్తినామె మందు పేరు, మోతాదు అడిగి రాసుకుని, పొద్దున్నే డాక్టరుకు చెప్పమని, అంతవరకు ఒంటరిగా ఉండవద్దని చెప్పింది. డాక్టరుగారు మళ్ళీ 24కి పంపి, ఎనిమిది వారాలు అక్కడే ఆపారు.

అందరికీ ఇంత కష్టం ఉండదు. 2024లో అదే లాన్సెట్ సైకియాట్రీలో 79 అధ్యయనాలను కలిపి చూసినప్పుడు, మందు మానినవారిలో సుమారు 31 శాతం మందికి, మందేమీ లేని ఉత్తుత్తి మాత్ర మానినవారిలో 17 శాతం మందికి ఏదో ఒక లక్షణం కనిపించింది. అంటే మందుకే అంటగట్టదగిన బాధ ఆరేడుగురిలో ఒకరికి. అయితే ఎక్కువ ఇబ్బంది పెట్టే మందుల్లో వెన్లాఫాక్సిన్ పేరు అందులోనూ ఉంది. మానడమే గొప్ప అని కూడా నేను అనను. 2021లో బ్రిటన్‌లో వేరే దిగులు మందులు వాడుతున్న 478 మందిని గమనిస్తే, మానినవారిలో 56 శాతం మందికి, కొనసాగించినవారిలో 39 శాతం మందికి ఏడాదిలోపు జబ్బు తిరిగివచ్చింది. మా అన్నయ్య కూడా ఇలాంటి మందే వాడుతున్నాడు. నన్ను చూసి తానూ మానేస్తానంటే, ఇంట్లో పెళ్ళి పెట్టుకుని ఈ ఏడాది వద్దన్నాను.

2024 నవంబరులో పది పూసల దగ్గర మందు పూర్తిగా ఆపేశాను. అప్పటికి అది సుమారు 3.3 మిల్లీగ్రాములు. మూడు వారాలు నిద్ర పలచగా పట్టింది, రెండుసార్లు తలలో జివ్వుమంది, తర్వాత లేదు. చెమటలు సంక్రాంతికి తగ్గాయి. ఇప్పుడు మూడు నెలలకొకసారి విశాఖ వెళ్ళి కనిపించి వస్తున్నాను. వెళ్ళినప్పుడు డాక్టరుగారు అడిగే మొదటి ప్రశ్న, తెల్లవారుజామున ఎన్నింటికి మెలకువ వస్తోందని. మొన్న ఐదున్నర అని చెప్పాను.